అటకమీది సైనిక తుపాకి

జహీరాబాదు పట్టణమున పఠనమందిరములకు వచ్చు యువకులు మమ్ము తరచుగ నొక ప్రశ్న నడుగుచున్నారు. అమెరికా దేశమున సామాన్య గృహస్థుడు రెండవ ప్రపంచయుద్ధమునాటి సైనిక తుపాకిని కొని, యింట నుంచుకొని, సెలవుదినమున విప్పి తుడిచి నూనె పూసి, దాని కథను కొడుకునకు చెప్పుకొనుచుండగా, మనకు మాత్రమేల ఆ భాగ్యము లేదని వారి ప్రశ్న. ఇంకొక ప్రశ్నయు కలదు. అది బహిరంగముగ నడుగబడదు. న్యాయవాది గదిలో, తలుపు దగ్గరగ వేసిన పిమ్మట, మెల్లగ నడుగబడును: "తాతగారి కాలమునాటి తుపాకి యొకటి అటకమీద నున్నది. ఏమి చేయుమందురు?" మొదటిది కుతూహలమునుండి పుట్టినది; రెండవది భయమునుండి పుట్టినది. ఈ రెండును వేరువేరు ప్రశ్నలుగ కనబడినను, ఒకదానికి చెప్పు జవాబు రెండవదానికి దారి తీయును. కావున నీ వారము రెండిటిని కలిపి చర్చింపదలచితిమి.

ముందుగ ఆ తుపాకి యెట్టిదో చూతము. మన పెద్దలెరిగిన త్రీనాట్‌త్రీ తుపాకిలో గుండు వెడలిన ప్రతిసారియు సైనికుడు బోల్టును చేతితో వెనుకకు లాగి, ఖాళీ తొడుగును వెలికి త్రోసి, మరల ముందునకు నెట్టవలయును. ఈ పనిని తనంతట తానే చేసికొను తుపాకిని అమెరికా సైన్యము 1936లో స్వీకరించెను. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో పనిచేసిన జాన్ గరాండ్ దానిని రూపొందించెను. ఆయన పేరే తుపాకికి నిలిచినది. పేలిన మందునుండి పుట్టిన వాయువులో కొంతభాగము నాళము కొసన నున్న చిన్న రంధ్రముగుండ దిగి పిస్టన్‌ను వెనుకకు తన్నును. ఆ తాపునకు బోల్టు తెరచుకొని, ఖాళీ తొడుగు ఎగిరిపోయి, క్రొత్త తూటా లోనికి వచ్చును. అయినను మీట నొక్కిన ప్రతిసారి ఒక్క గుండే వెడలును; నొక్కి పట్టినంతసేపు గుండ్లు కురియు మరతుపాకి కాదిది. ఎనిమిది తూటాల యినుప క్లిప్పును పైనుండి దిగవేయుదురు. కడపటి తూటా పేలగానే ఆ క్లిప్పు ఠంగుమని యెగిరిపడును. ఇట్టివి 50 లక్షలకు పైగా తయారైనవి. యుద్ధము ముగిసి మిగిలిపోయిన వానిలో కొన్నిటిని ఆ దేశ ప్రభుత్వము తన పౌరులకు అమ్మించినది. మన యువకులు చూచి ముచ్చటపడుచున్నవి అవియే.

మన దేశమున నీ జాతి తుపాకికి పేరు ఎస్.ఎల్.ఆర్. బెల్జియము నమూనాననుసరించి వంగరాష్ట్రములోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారమున 1960ల దశకములో దీని తయారు మొదలైనది. 1971 యుద్ధమున మన సైనికుని భుజముమీద నుండినది ఇదియే. 1990ల దశకమున ఇన్సాస్ రాగా, ఇది క్రమముగ సైన్యమునుండి తప్పుకొని పోలీసు దళములకు మిగిలినది. అడవులనుండి వచ్చి లొంగిపోయిన మావోయిస్టుల ఆయుధములను బల్లమీద పరచి చూపునపుడు, ఆ వరుసలో ఎస్.ఎల్.ఆర్. కనబడుట తెలంగాణ పాఠకులకు క్రొత్త గాదు.

ఇట్టి తుపాకిని కాపాడుట యొక విద్యయే యని మేమొప్పుకొందుము. పాతకాలపు తూటాల టోపీలలో పొటాషియము క్లోరేటు వాడెడివారు. అది కాలగా మిగులునది యొక విధమైన ఉప్పు. వంటింటి ఉప్పువలెనే గాలిలోని తేమను పీల్చి, ఉక్కును తినివేయును. నూనె దానిని కరిగింపజాలదు, నీరే కరిగింపవలయును. అందుచేతనే త్రీనాట్‌త్రీ పట్టిన సిపాయి కాల్పులు ముగియగానే నాళములోనికి మసలుచున్న నీటిని గరాటుతో పోసి, ఆ పిమ్మట పుల్‌త్రూ త్రాటికి గుడ్డపీలిక కట్టి లాగి, పొడి చేసి, నూనె పట్టించెడివాడు. ఆ పుల్‌త్రూయు నూనెబుడ్డియు తుపాకి పిడిలోని తొఱ్ఱలోనే యుండెడివి! నూనెబుడ్డి లేని తుపాకి అసంపూర్ణమని ఆ కాలమువారు తలచిరి కాబోలు. తనంతట తాను తూటా నెక్కించుకొను తుపాకిలో నీ ఉప్పు నాళముతో నాగదు. వాయువు దిగిన రంధ్రమునకును, పిస్టన్‌కును, దాని గొట్టమునకును పట్టును. పైకి తళతళలాడు తుపాకి లోన పుచ్చిపోయి యుండవచ్చును. జహీరాబాదు వంటి యెఱ్ఱనేలలమీద సయితము శ్రావణ భాద్రపదముల తేమకు ఒక్క వారము చాలును.

ఇంకొక సంగతి. యుద్ధానంతరము దాచిన తుపాకులకు దట్టమైన గ్రీజు పూసి పెట్టెలలో మూసిరి. అనేక సంవత్సరముల పిమ్మట తెరచినవాడు పైపైన తుడిచి, బోల్టు లోపలి గ్రీజును వదలిపెట్టునేని, టోపీని కొట్టు సూది యందులో నంటుకొని ముందునకే నిలిచిపోవచ్చును. అప్పుడు బోల్టు మూసికొనగానే, మీట ముట్టకయే, తుపాకి పేలును. రష్యా దేశపు సిమోనోవ్ రూపొందించిన ఎస్.కె.ఎస్. తుపాకులలో నిది ప్రసిద్ధమైన దోషము. గరాండ్‌కు తగని మందుతో కూడిన తూటా వేసినచో బోల్టును నడుపు కడ్డీ వంగిపోవును. సంగ్రహముగ చెప్పవలెనన్న, దీనిని చేపట్టువానికి ప్రేమ మాత్రము చాలదు. శిక్షణయు, సరియైన తూటాయు, విడిభాగములును, తప్పు చూపు గురువును కావలయును. ఉత్తరప్రదేశ్ పోలీసువారు 2020 జనవరి 26నాటి కవాతుతో త్రీనాట్‌త్రీకి వీడ్కోలు చెప్పిరి. ఆ తుపాకి అంతకాలము బ్రదికినదన్న, వెనుక నొక ఆయుధశాలయు, ఆర్మరర్లును, రిజిస్టరులును నుండుటచేతనే. ఇంటి అటకకు అవి యెక్కడివి?

ఇక చట్టము సంగతి. 1959నాటి ఆయుధ చట్టము 1962 అక్టోబరు 1న అమలులోనికి వచ్చినది. 2016నాటి నియమముల షెడ్యూలులో మొదటి వర్గమునందు మరతుపాకులవంటి నిషిద్ధాయుధముల సరసనే, కొన్ని మినహాయింపులు పోగా, తమంతట తాము తూటా నెక్కించుకొను తుపాకులు చేర్చబడినవి. త్రీనాట్‌త్రీ, 7.62 మిల్లీమీటరు సైనిక తూటాలను పేల్చు రైఫిళ్లును, బోల్టు చేత లాగునవి యైనను, అందే యున్నవి. జిల్లాలో సామాన్యునికి లభించు లైసెన్సు వీనిని తాకదు. 2019 సవరణచే ఒక వ్యక్తి యుంచుకొనదగిన తుపాకులు మూడునుండి రెండునకు తగ్గినవి. వారసత్వముగ వచ్చినను ఈ లెక్క దాటరాదు. శిక్షలును పెరిగినవి. లైసెన్సు లేని తుపాకికి రెండేండ్లకు తక్కువ గాని ఖైదు. నిషిద్ధాయుధమైనచో ఏడేండ్లకు తక్కువ గాక 14 ఏండ్లవరకు. కావున మన యువకుని మొదటి ప్రశ్నకు చట్టరీత్యా సమాధానము క్లుప్తమైనది: వీలు లేదు.

"ఇది పరరాజుల చట్టముకంటె నెందులో మెరుగు?" అని వారు మరల నడుగుదురు. ఈ యాక్షేపణకు బలము లేకపోలేదు. 1878లో లిట్టను ప్రభువు ఆయుధ చట్టమును తెచ్చినపుడు భారతీయుడు లైసెన్సు తీసికొనవలెను, ఐరోపీయుడు తీసికొననక్కర లేదు. సైనిక తూటా ప్రజల చేత పడరాదను భయముచేత ఈ దేశపు వేటగానికి .315 అను వేరొక కొలత తుపాకి కల్పింపబడినది. త్రీనాట్‌త్రీ యంత్రమే, తూటా మాత్రము వేరు. నేటికిని మన కర్మాగారపు .315 స్పోర్టింగు రైఫిలు ఆ భయమునకు వారసురాలే! ఒక జాతినంతను నిరాయుధను చేసిన ఆ చట్టమును గాంధీమహాత్ముడంతటి అహింసావాదియే తీవ్రముగ ఖండించెను. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానములో నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కు పౌరుని ప్రాథమిక హక్కులలో నొకటిగ వ్రాయబడెను. 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు హెచ్. వి. కామత్ గారు దానినే సవరణగ తెచ్చిరి. డాక్టరు అంబేద్కరు అంగీకరింపలేదు. ఎవరైనను అడ్డులేక బజారునకు పోయి ఆయుధములు కొనగలిగినచో ప్రభుత్వము నడచు టెట్లని ఆయన ప్రశ్న. సవరణ వీగిపోయినది. రాజ్యాంగపు 19వ అధికరణములోని స్వేచ్ఛలలో ఆయుధమను మాట యొక్కచోటనే వచ్చును. ఆయుధములు లేక శాంతియుతముగ సమావేశమగు హక్కు అని.

మేమీ నిర్ణయమును సమర్థింతుము. 1878నాటి చట్టము దుష్టమైనది తుపాకికి లెక్క యడిగినందులకు గాదు, చర్మపు రంగును చూచి లెక్క యడిగినందులకు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడినప్పుడు, తీసికొన్న తుపాకుల, తూటాల వివరమును ఠాణా పుస్తకములో వ్రాసి సంతకము చేసి మరీ వెడలెను. సామ్రాజ్యముపై తిరుగబడిన వీరుడే తుపాకికి లెక్క వ్రాసెను. లెక్కకు లొంగుట పౌరునకు అవమానమని మేము తలపము.

లెక్కలేని తుపాకి యెట్టిదో జహీరాబాదువారికి వేరెవ్వరును చెప్పనక్కరలేదు. 1956వరకు ఈ తాలూకా బీదరు జిల్లాలోనిది. 1948లో సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి విమానములలో దొంగచాటుగ ఆయుధములను తెచ్చి బీదరు మొదలైనచోట్ల దింపెను. రజాకార్లలో పలువురి చేత నాటుతుపాకులు, బరిసెలు, కత్తులే యుండినను, సైనిక రైఫిలు పట్టినవాడు కొందఱైనను ఒక గ్రామమును వణికించుటకు చాలిరి. ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన ఘోరమును తెలంగాణము మరువలేదు. సెప్టెంబరు 13న జనరల్ జె. ఎన్. చౌదరి నాయకత్వమున భారతసైన్యము షోలాపురపు బాటవెంట బయలుదేరెను. 16న జహీరాబాదువైపు సాగుచుండగా మందుపాతర లడ్డుపడెను. బీదరు బాట కలియు కూడలియొద్ద పొంచియున్నవారు కాల్చిరి. ఆ రాత్రికి సైన్యము మన యూరు దాటి ముందునకు పోయెను. 17న నిజాము కాల్పులు నిలుపు ప్రకటన చేసెను. 18న జనరల్ ఎల్ ఎద్రూస్ లొంగిపోయెను.

అంతటితో కథ ముగియలేదు. ఆ తరువాతి వారములలో పగలు తీర్చుకొనిన చేతులును మనవే. ఆ యేటి కడపట పర్యటించిన పండిత సుందరలాల్ సంఘము, హతులైనవారు 27,000కు తక్కువ గాక 40,000వరకు నుందురని అంచనా వేసెను. మిక్కిలి నష్టపడిన నాలుగు జిల్లాలలో బీదరొకటి. చంపబడినవారిలో అత్యధికులు ముస్లిములు. ఒకనాడు రజాకారు తుపాకికి గ్రామము బెదరెను. మరునాడు అదే గ్రామమున నిన్నటి పొరుగువాడు బెదరెను. నాడు ఆయుధము ఎవని చేత నున్న వాడే న్యాయాధిపతి, వాడే తలవరి. అప్పుడు దాగినవి దాగిపోయినవి. నేటి కొన్ని అటకలమీది తుపాకుల పుట్టుక అదియే గావచ్చును. దొరతనపు ఉద్యోగమున నుండిన పెద్దలకు లైసెన్సుతో దక్కి, తరువాత లైసెన్సు మార్పింపక విడిచినవి మఱికొన్ని కావచ్చును.

పరదేశముల యనుభవమును చూతము. ఇంగ్లండు దేశమున 1987 ఆగస్టులో హంగర్‌ఫర్డ్ అను చిన్నయూరిలో ఒకడు 16 మందిని చంపెను. వాని చేతనుండిన ఆయుధములలో నొకటి రెండవ ప్రపంచయుద్ధమునాటి అమెరికా సైనిక కార్బైను. ఆయుధములు వాని పేర సక్రమముగ లైసెన్సు పొందినవే! మరుసటి యేడు ఆ దేశము ఇట్టి రైఫిళ్లను నిషేధించెను. 1996 ఏప్రిలులో ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది హతులైరి; హంతకుడు వాడినవానిలో మన ఎస్.ఎల్.ఆర్. జాతిది యొకటి కలదు. ఆ ప్రభుత్వము నిషేధముతో నాగలేదు. గడువు పెట్టెను, గడువులోపల తెచ్చియిచ్చినవానిని శిక్షింపమనెను, ధర నిచ్చెను. సుమారు 6.5 లక్షల తుపాకులు ప్రజలచేతులనుండి వచ్చినవి. నిషేధమును మనము ముందే చేసితిమి. గడువును, అభయమును మాత్రము మనవాని కీయలేదు.

మా ఫిర్యాదంతయు నిచటనే. చట్టము కఠినముగ నుండుట తప్పుగాదు. కాని తాత చేసినదానికి మనుమడు తలుపు మూసి గుసగుసలాడవలసివచ్చుట యేమి న్యాయము? 1972లో గుణవంతలాల్ కేసులో సుప్రీముకోర్టు చెప్పినదేమనగా, ఆయుధము తన యధీనమున నున్నదను ఎరుక యుండినగాని నేరము గాదని. అటకమీది మూట సంగతి తెలియనివాడు నిర్దోషి. మూట విప్పి చూచిన క్షణమునుండి వాని స్థితి మారిపోవును. చట్టపు 21వ సెక్షను, లైసెన్సుదారుడు గతించినప్పుడు వారసులు జాప్యము చేయక తుపాకిని ఠాణాలో గాని లైసెన్సుగల వర్తకునియొద్ద గాని అప్పగింపవలెనని చెప్పుచున్నది. లైసెన్సే యెన్నడును లేనిదానికి నిశ్చయమైన అభయమెక్కడిది? కనుక భయపడినవాడు ఏమి చేయుచున్నాడు? రాత్రివేళ పాడుబావిలో పడవేయుచున్నాడు. అంతకంటె హీనుడు అమ్ముకొనుచున్నాడు. ఆ అమ్మిన తుపాకి యెవని చేరునో మేము వ్రాయనక్కరలేదు.

రాష్ట్రప్రభుత్వము కేంద్రముతో సంప్రదించి, ఆరు నెలల గడువు పెట్టి, స్వచ్ఛందముగ నప్పగించువారిపై కేసులు పెట్టబోమని గెజెటులో ప్రకటింపవలయును. అది ఠాణా గోడమీద తెలుగునను, ఉర్దూనను, కన్నడమునను కనబడవలయును. జహీరాబాదులో ఈ మూడు భాషలవారును కలరు. వచ్చిన ప్రతి తుపాకి సంఖ్యయు, ముద్రయు, ఏ యింటినుండి ఎట్లు వచ్చినదను కథయు వ్రాసికొనవలయును. అన్నిటిని కొలిమిలో పడవేయరాదు. చట్టపు 45వ సెక్షను, మరమ్మతు చేసినను పేలజాలని పాత ఆయుధమును విడిచిపెట్టుచున్నది. ఆ సన్నని ద్వారముగుండ చరిత్రగల పది తుపాకులనైన బ్రదికింపవచ్చును. నాళములో ఉక్కుకడ్డీ దిగగొట్టి అతుకుటయు, బోల్టు ముఖము కోయుటయు బ్రహ్మవిద్య గాదు. మన సంగారెడ్డి జిల్లాలోనే ఎద్దుమైలారములో యుద్ధశకటములు చేయుచున్న కర్మాగారము కలదు. సాలార్‌జంగు మ్యూజియమున నవాబుల కత్తులకు గది యున్నది. 1948 సెప్టెంబరు 16న ఈ బాటమీద పేలిన తుపాకికి జహీరాబాదు గ్రంథాలయమున నొక అద్దపు పెట్టె యుండిన తప్పేమి? అందు ఇరుపక్షముల చావులును వ్రాయవలెను సుమా. ఒక పక్షపు జయము మాత్రమే వ్రాసినచో ఆ పెట్టె లేకుండుటయే మేలు.

ప్రసంగవశమున నింకొకమాట. లైసెన్సుతో తుపాకి నుంచుకొనువారు ఎన్నికల వేళ దానిని ఠాణాలో నప్పగించుట మంచి నియమమే. కాని తడిగోడకు చేరవేయబడి నెలల పిమ్మట త్రుప్పుతో తిరిగివచ్చిన తుపాకులను చూచి కంటతడి పెట్టుకొను చెఱకు రైతులను మేమెరుగుదుము. అడవిపందులనుండి తోటను కాచుకొనుటకు వారు దానిని తెచ్చుకొనిరి. అప్పగించుకొను వేళ నొక గుడ్డపీలిక నూనెతో లాగుటకు ఖర్చు రూపాయి గాదు.

యువకులకు మేము చెప్పవలసినది వేరు. తుపాకి యంత్రముపై మీకు గల మక్కువను మేము పరిహసింపము. దానిని తీర్చుకొనుటకు చట్టమే బాట చూపినది. గుర్తింపుగల రైఫిలు క్లబ్బులో సభ్యునికి గురి యభ్యాసమునకై .22 రైఫిలునకు గాని గాలితుపాకికి గాని లైసెన్సీయవలెనని 13వ సెక్షనులోనే కలదు. ఎన్.సి.సి.లో చేరిన విద్యార్థికి శిక్షకుని కంటియెదుట తుపాకి విప్పి, తుడిచి, మరల కూర్చు విద్య లభించును. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో కాంస్యపతకము గెలిచినది గాలితుపాకితోనే. ఆయన గురికి సైనిక తూటా అవసరము లేకపోయెను.

అటకమీద మూట కలవారు మాత్రము గెజెటుకొఱకు వేచియుండ నక్కరలేదు. మూటను విప్పి తుడువబోకుడు. లోన తూటా యున్నదో లేదో, గ్రీజులో సూది యెట్లున్నదో మీకు తెలియదు. బోల్టు లాగకుడు, పిల్లలను గదిలోనికి రానీయకుడు, సంచిలో వేసికొని మీరే ఠాణాకు మోసికొనిపోకుడు. ఎప్పుడు, ఎట్లు కనబడినదో ఒక కాగితమున వ్రాసి, న్యాయవాది ద్వారా ఠాణా అధికారికి జాప్యము చేయక తెలియజేసి, పంచులయెదుట వారినే వచ్చి తీసికొనిపోనిండు. తుపాకిమీది సంఖ్యతో సహా రసీదు వ్రాయించుకొనుడు.